బ్లాక్‌చెయిన్ పొలం ఆటలో అంత వ్యూహం ఏముంది? ఇరవై వేలు పెట్టి భూమి కొనొచ్చా?

మీరు అడిగింది ఇది: గుంటూరులో బీటెక్ చదువుతున్న మీ తమ్ముడు సన్‌ఫ్లవర్ ల్యాండ్, పిక్సెల్స్ ఆడుతున్నాడు. ఆటలో ఏ వస్తువు ఎవరిదన్నది బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ ఖాతాపుస్తకంలో నమోదయ్యే పొలం ఆటలివి. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి ఫోన్‌లో పంట కోస్తున్నాడు. ఇప్పుడు ఇరవై వేలు ఇస్తే ఆటలో భూమి కొంటానంటున్నాడు. క్యాబేజీ పెరిగేదాకా చూస్తూ కూర్చోవడంలో అంత బుర్ర పెట్టాల్సిందేముంది, డబ్బు ఇవ్వాలా వద్దా?

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: ఇవ్వొద్దు. మొదటిదాన్ని మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. ఇందులో బుర్ర పెట్టాల్సింది చాలానే ఉంది. కాకపోతే అదంతా టోకెన్‌తో, అంటే ఆటలో సంపాదించి బయట అమ్ముకోగల క్రిప్టో నాణెంతో, సంబంధం లేని చోట ఉంది. పిల్లలు ఈ రెండింటినీ కలిపేసుకుంటారు.

ముందు ఆట సంగతి. సన్‌ఫ్లవర్ ల్యాండ్‌లో బూస్టులేవీ (పంటని త్వరపెట్టే, దిగుబడి పెంచే వస్తువులు) లేనప్పుడు పొద్దుతిరుగుడు ఒక్క నిమిషంలో వస్తుంది. బంగాళాదుంపకి 5 నిమిషాలు, గుమ్మడికి అరగంట, క్యారెట్‌కి గంట, క్యాబేజీకి 2 గంటలు, బీట్‌రూట్‌కి 4, కాలీఫ్లవర్‌కి 8, పార్స్‌నిప్ అనే దుంపకి 12, ముల్లంగికి 24 గంటలు. చెట్టు నరికితే 2 గంటలకి మళ్ళీ వస్తుంది. రాయి 4 గంటలకి, ఇనుము 8కి, బంగారం 24 గంటలకి. ఇలాంటి ఆటల్లో ఎక్కువగా కనిపించే సూత్రం ఏమిటంటే, పంట ఎంత ఆలస్యంగా వస్తే ఒక్కో కోతకి లాభం అంత ఎక్కువ, కానీ గంటకి లెక్కేస్తే అంత తక్కువ. నిమిషం పంట గంటకి అన్నిటికంటే ఎక్కువ ఇస్తుంది, కానీ నిమిషానికోసారి వంగి కోయాలి. పైగా షాపులో విత్తనాల నిల్వకి పరిమితి ఉంటుంది కాబట్టి రోజంతా అదే వేస్తూ కూర్చోలేరు.

అందుకే ఇక్కడ అసలు ప్రశ్న ఏ పంట మంచిదన్నది కాదు. మీరు రోజుకి ఎన్నిసార్లు, ఏయే టైముల్లో ఆట తెరవగలరన్నది.

గుండ్రటి అంకెలతో లెక్క చూద్దాం. అర్థం కావడానికి వేసుకున్న అంకెలే ఇవి, ఆటలో ధరలు అప్‌డేట్‌కోసారి మారుతుంటాయి. ఒక మడికి, విత్తనం ఖర్చు పోను, 4 గంటల పంట 80 నాణేలు, 8 గంటలది 125, 12 గంటలది 150 మిగులుస్తుందనుకోండి.

రోజుకి రెండుసార్లే తెరిచేవాడు, పొద్దున 6కి, సాయంత్రం 6కి, రెండుసార్లూ 12 గంటల పంట వేస్తాడు. రోజుకి 300.

నాలుగుసార్లు, అంటే 6కి, కాలేజీలో భోజనం బెల్లు కొట్టాక 1:30కి, సాయంత్రం 6కి, పడుకునేముందు 10కి తెరిచేవాడు పొద్దున 4 గంటలది, మధ్యాహ్నం 4 గంటలది, సాయంత్రం 4 గంటలది, రాత్రికి 8 గంటలది వేస్తాడు. 80, 80, 80, 125. మొత్తం 365. తెరవడం రెట్టింపైంది, రాబడి పెరిగింది మాత్రం 22 శాతమే. కొత్తవాళ్ళెవరూ ఈ అంకె ముందు చూసుకోరు.

ఇప్పుడు అదే మనిషి మధ్యాహ్నం 1:30కి బదులు 2కి తెరిచాడనుకోండి. పొద్దున 6కి వేసిన 8 గంటల పంట సరిగ్గా అందుతుంది. 125, 80, 80, 125 కలిపి 410. అరగంట జరిపినందుకు 45 నాణేలు అదనం, రూపాయి ఖర్చు లేదు. ఈ ఆటకి అలవాటు పడేవాళ్ళని లోపలికి లాగేది ఇదే. ఎక్కువ సేపు ఆడినందుకు కాదు, తన రోజుని సరిగ్గా ముక్కలు చేసుకున్నందుకు ఫలితం కనిపిస్తుంది. కాగితం మీద లెక్కలు ఇష్టపడే కుర్రాడికి ఇది గట్టిగా పట్టేస్తుంది.

మీ తమ్ముడి రెండు గంటల అలారం లెక్క కూడా చూద్దాం. రాత్రి 10కి 8 గంటల పంట బదులు 4 గంటలది వేసి, 2కి లేచి మళ్ళీ 4 గంటలది వేస్తే 160. లేవకుండా పడుకుంటే 125. నిద్ర చెడగొట్టుకున్నందుకు మడికి దక్కేది 35 నాణేలు. రోజు మొత్తం మీద పది శాతం కూడా కాదు. ఈ ఒక్క లెక్క అతని ముందు పెట్టండి. తిట్టడం కంటే ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అతను వినే భాష ఇదే.

ఇక బూస్టులు. ఆటలో దిష్టిబొమ్మలు, విగ్రహాలు, టోపీలు లాంటివి ఎన్‌ఎఫ్‌టీలుగా, అంటే బ్లాక్‌చెయిన్ మీద మీదని నమోదై, అమ్ముకోగల వస్తువులుగా ఉంటాయి. కొన్ని పంట కాలాన్ని తగ్గిస్తాయి, కొన్ని దిగుబడి పెంచుతాయి, కొన్ని చుట్టుపక్కల గళ్ళకి మాత్రమే పనిచేస్తాయి. ఉదాహరణకి సన్‌ఫ్లవర్ ల్యాండ్‌లో మామూలు దిష్టిబొమ్మ తన పరిధిలోని పొద్దుతిరుగుడు, బంగాళాదుంప, గుమ్మడి కాలాన్ని 20 శాతం తగ్గిస్తుంది. అందుకే దాన్ని ఎక్కడ నిలబెడతామన్నది కూడా ఒక పజిలే. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది కాలం తగ్గించే బూస్టుల దగ్గర. 15 శాతం తగ్గితే 12 గంటల పంట 10 గంటల 12 నిమిషాలకి వస్తుంది. రోజుకి రెండుసార్లు తెరిచేవాడికి దానివల్ల ఒరిగేది సున్నా, పంట రెండు గంటలు ఊరికే నిలబడి ఉంటుంది. 1:30కి తెరిచేవాడికైతే 8 గంటల పంట 6 గంటల 48 నిమిషాలకే వస్తుంది కాబట్టి 365 కాస్తా 410 అవుతుంది. అంటే అరగంట ఆగి 2కి తెరిస్తే ఉచితంగా వచ్చేదాన్నే డబ్బు పెట్టి కొన్నట్టు. దిగుబడి పెంచే బూస్టు అలా కాదు, ఎప్పుడు తెరిచినా అంతే శాతం కలుస్తుంది. రెండూ ఒకే ధరకి దొరుకుతుంటే దిగుబడిదే తీసుకోవాలి. నిమిషాల పంటల మీద కూర్చుని ఆడేవాళ్ళకి మాత్రం కాలం తగ్గించేది లాభం.

పనిముట్ల దగ్గర ఇంకో మెలిక. చెక్క ఉంటేనే చెక్క పికాక్స్, దాంతో రాయి. రాయితో రాతి పికాక్స్, దాంతో ఇనుము. ఇనుముతో ఇనుప పికాక్స్, దాంతో బంగారం. పొలం విస్తరించాలంటే ఇవన్నీ కావాలి, వంట చేసి తిని లెవెల్ కూడా పెంచుకోవాలి. మార్కెట్లో చెక్కకి మంచి ధర కనబడగానే మొత్తం అమ్మేసి, తర్వాత రాయి తవ్వడానికి పికాక్స్ లేక ఆగిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. మొదట్లో ఇరుకు, అంటే మిగతావన్నీ ఆగిపోయే చోటు, విత్తనాల డబ్బు దగ్గర ఉంటుంది, కొన్నాళ్ళకి మడుల దగ్గరికి జరుగుతుంది, చివరికి మీ టైమ్ దగ్గర తేలుతుంది. ఇరుకు ఎక్కడుందో కనిపెట్టి అక్కడే ఖర్చు పెట్టినవాడు ముందుంటాడు.

పిక్సెల్స్‌లో లెక్క కొంచెం వేరు. అక్కడ నాటడం, నీళ్ళు పోయడం, నరకడం ప్రతిదీ ఎనర్జీ తింటుంది, కాబట్టి గంటకి ఎంత అని కాకుండా ఒక్కో ఎనర్జీకి ఎంత అని చూడాలి. భూములు 5,000 మాత్రమే, ఎన్‌ఎఫ్‌టీలు. అవి లేనివాళ్ళకి స్పెక్ అనే చిన్న ఉచిత స్థలం ఇస్తారు, లేదా వేరేవాళ్ళ భూమిలో కౌలుకి పనిచేసుకోవచ్చు, రాబడిలో కొంత యజమానికి పోతుంది. ఇంకొకటి, రెప్యుటేషన్ స్కోరు. అది తక్కువగా ఉంటే మార్కెట్లో అమ్మడం, టోకెన్లు బయటికి తీయడం కుదరదు. పది ఖాతాలు, బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రాములు) పెట్టి పిండేవాళ్ళని ఆపడానికి పెట్టిన గేటు అది. కొత్తగా చేరినవాడు "సంపాదించాను, తీయనివ్వడంలేదు" అని గొడవపడేది ఎక్కువగా ఇక్కడే.

ఆటగాళ్ళ మధ్య మార్కెట్ గురించి గుంటూరువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మిర్చి యార్డు చూసినవాళ్ళే. కిందటేడు రేటు బాగుందని అందరూ మిర్చే వేస్తారు. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి టిక్కీలు (మిర్చి బస్తాలు) గుట్టలు పడతాయి, రేటు కూర్చుంటుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ఖరారు చేసి మార్కెట్ జోక్యంలోకి రావాల్సి వచ్చింది అందుకే. ఆపుకోగలిగినవాడు కోల్డ్ స్టోరేజీలో పెట్టి చూస్తాడు, అప్పున్నవాడు వచ్చిన రేటుకి తెగనమ్ముతాడు. ఆటలోనూ అచ్చం ఇదే. కొత్త అప్‌డేట్‌లో ఒక వంటకానికి ఫలానా కూరగాయ కావాలని ప్రకటన రాగానే మొదటి ఒకటి రెండు రోజులు దాని ధర ఎగురుతుంది, వారం తిరిగేసరికి అందరి మడుల్లోనూ అదే ఉంటుంది. ప్రకటనకి ముందే అన్ని రకాలూ కాస్త కాస్త నిల్వ పెట్టుకున్నవాడు ఎగిరినప్పుడు అమ్ముతాడు, అందరూ దాని వెంట పడ్డాక వాళ్ళు వదిలేసిన పంట వేస్తాడు. తేడా ఒక్కటే, ఆటలో నిల్వకి అద్దె లేదు, సరుకు పాడవదు. కాబట్టి ఆపుకోవడం అందరికీ చౌకే. ఆ చౌకదనం వల్లే ధర కొంచెం లేవగానే పాత నిల్వలన్నీ ఒక్కసారి బయటికొచ్చి మళ్ళీ కిందికి తోస్తాయి.

ఇంతవరకూ వేసిన లెక్కల్లో బ్లాక్‌చెయిన్‌కి దాదాపు పనే లేదు, గమనించారా? నాటడం, కోయడం జరిగేది కంపెనీ సర్వర్‌లో. మొదట్లో అలా కాదు. 2022 జనవరిలో సన్‌ఫ్లవర్ ఫార్మర్స్ అనే పాత ఆట పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ మీద ఉండేది, ఆటలో కదలికలన్నీ చెయిన్ మీద లావాదేవీలే. బాట్లు ఎగబడి మొత్తం పాలిగాన్‌నే ఇరికించేశాయి, ఆటతో సంబంధం లేనివాళ్ళకి కూడా గ్యాస్ ఫీజు (చెయిన్ మీద ఒక్కో లావాదేవీకి కట్టేది) పెరిగిపోయింది. ఆ తర్వాత అదే బృందం సన్‌ఫ్లవర్ ల్యాండ్‌ని వేరేగా కట్టింది: ఆట సర్వర్లో, అప్పుడప్పుడూ చెయిన్‌తో సింక్. దాంతో చెయిన్ మీద మిగిలింది మూడే. ఎన్‌ఎఫ్‌టీ ఎవరిది, మొత్తం ఎన్ని ఉన్నాయి, టోకెన్ ఎంత ముద్రించారు. ఇవి ఎవరైనా ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే చెయిన్ మీద రాసినదాన్ని చూపించే వెబ్‌సైట్‌లో, చూసుకోవచ్చు. వ్యూహం కోసం ఆడేవాడికి ఇది నిజంగా పనికొస్తుంది, మామూలు ఫోన్ గేముల్లో ఈ వివరం దొరకదు. కానీ ఆ ఎన్‌ఎఫ్‌టీ ఆటలో ఏం చేస్తుందన్నది చెయిన్ మీద రాసి లేదు. 20 శాతం బూస్టుని రేపు 10 శాతం చేయాలంటే కంపెనీ సర్వర్‌లో ఒక అంకె మారిస్తే చాలు. బొమ్మ మీదే, దాని శక్తి మీ చేతిలో లేదు.

టోకెన్ దగ్గరికొస్తే చరిత్ర ఒకే దారిలో నడిచింది. ఆడిన ప్రతివాడికీ రోజూ కొత్తగా ముద్రించి ఇచ్చే కరెన్సీని బయట అమ్ముకోనిస్తే, అమ్మేవాళ్ళు రోజూ ఉంటారు, కొనేవాళ్ళు కొత్తగా చేరేవాళ్ళే. యాక్సీ ఇన్ఫినిటీ అనే ఇంకో ఆటలోని ఎస్‌ఎల్‌పీ టోకెన్ 2021 మేలో 30 సెంట్లు దాటి, 2022 మధ్యకల్లా ఒక సెంటు లోపుకి పడింది. పిక్సెల్స్ 2023 చివర్లో పాలిగాన్ నుంచి రోనిన్ అనే ఇంకో చెయిన్‌కి మారింది, 2024 ఫిబ్రవరిలో పిక్సెల్ టోకెన్ తెచ్చింది, రోజువారీ కరెన్సీగా ఉన్న బెర్రీని అదే ఏడాది పక్కనబెట్టి చెయిన్ మీద లేని మామూలు నాణేలకి మారింది. ఆ మార్పు ఆటకి మంచిదే, ఇష్టమొచ్చినంత పండించగల కరెన్సీ చెయిన్ మీద నిలవదని వాళ్ళు ఒప్పుకున్నట్టే. అయినా 500 కోట్ల మొత్తం సరఫరా ఉన్న పిక్సెల్ టోకెన్ 2024 మార్చిలో డాలర్ దగ్గరుండి, 2025లో ఐదు సెంట్ల లోపుకి జారింది. సన్‌ఫ్లవర్ ల్యాండ్ కూడా 2025లో పాత ఎస్‌ఎఫ్‌ఎల్‌ని వదిలి ఫ్లవర్ అనే కొత్త టోకెన్‌కి వెళ్ళింది. ఏ ఆటైనా చూసేటప్పుడు రోజుకి ఎంత ముద్రిస్తున్నారు, ఆటలో ఖర్చు రూపంలో ఎంత కాలిపోతోంది, కంపెనీ, ఇన్వెస్టర్ల వాటా ఏ నెలలో ఎంత విడుదలవుతోంది, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇరవై వేల సంగతి. భూమి కొన్నందుకు రోజుకి అదనంగా 5 టోకెన్లు వస్తాయనుకోండి, ఒక్కోటి 4 రూపాయలు. ఇరవై రూపాయలు. బయటికి తీసేటప్పుడు ఆట పట్టుకునేది, మార్పిడి నష్టం, గ్యాస్ కలిపి ఐదో వంతు పోతే 16. దానిమీద మన దేశంలో క్రిప్టో లాభానికి 30 శాతం పన్ను, పైన 4 శాతం సెస్సు, అంటే 31.2 శాతం. చేతికొచ్చేది 11 రూపాయలు. 20,000ని 11తో భాగిస్తే 1,818 రోజులు, దాదాపు ఐదేళ్ళు, అదీ టోకెన్ ధర ఒక్క పైసా తగ్గకపోతే. "ఎప్పుడైనా భూమి అమ్మేసుకోవచ్చుగా" అంటాడు. అలాగైతే మార్కెట్‌ప్లేస్‌లో అమ్మకానికి పెట్టిన రేట్లు కాదు, గత నెలలో నిజంగా అమ్ముడైనవి ఎన్ని, ఎంతకి అన్నది చూపించమనండి. అమ్మకానికి వందలుండి, అమ్ముడైనవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉంటే ఆ రేటు ఉత్త బోర్డే.

పన్నులో ఇంకో రెండు మెలికలు. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో టోకెన్ లాభంలో తగ్గించుకోనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్ళనివ్వరు. కొన్న ధర తప్ప గ్యాస్, కరెంటు, నెట్ లాంటి ఖర్చులేవీ తీయనివ్వరు. పరిమితి దాటిన అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. ఆటలో ఊరికే వచ్చిన టోకెన్ విలువని ఎప్పుడు, ఎలా చూపాలన్నది మాత్రం క్రిప్టో రిటర్నులు వేసిన ఆడిటర్నే అడగండి, అక్కడ వాదనలున్నాయి.

చట్టం వైపు కూడా చూసుకోవాలి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు గానీ దానికి సమానమైన కాయిన్లు, టోకెన్లు గానీ పెట్టి, తిరిగి డబ్బో లాభమో ఆశించి ఆడే ఆటల్ని నిషేధించింది, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేల మీద 2020 నుంచే నిషేధం ఉంది. డబ్బు పెట్టకుండా ఉచితంగా ఆడటం ఒకటి, సంపాదన కోసం ముందు డబ్బు పెట్టి దిగడం ఇంకొకటి. రెండోది ఈ నిర్వచనానికి బాగా దగ్గరగా వస్తుంది. డబ్బు ఇవ్వొద్దనడానికి నాకు ఇదొక్కటే చాలు.

ఉచితంగా ఆడనివ్వడానికి అభ్యంతరమేమీ లేదు, కానీ వాలెట్ (టోకెన్లు, ఎన్‌ఎఫ్‌టీలు ఉంచుకునే యాప్) విషయంలో గట్టిగా ఉండండి. ఆటకి వేరే వాలెట్ పెట్టాలి, అందులో వేరే ఆస్తులేవీ ఉండకూడదు. వాలెట్‌కి తాళంచెవి లాంటి పన్నెండు మాటల సీడ్ ఫ్రేజ్ కాగితం మీద రాసుకోవాలి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోవద్దు. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో "సపోర్ట్" అంటూ తనంతట తానే మెసేజ్ పెట్టేవాడెవడైనా దొంగే. ఉచిత ఎయిర్‌డ్రాప్ (ఊరికే టోకెన్లు పంచడం) అని లింక్ వస్తే అది వాలెట్‌తో డిజిటల్ సంతకం అడుగుతుంది, ఆ సంతకంతో వాలెట్ మొత్తం ఖాళీ చేసే అనుమతి ఇచ్చేసినట్టు కావచ్చు. పాత అనుమతుల్ని నెలకోసారి చూసి రద్దు చేసుకోవాలి. ఒక చెయిన్ నుంచి ఇంకోదానికి టోకెన్లు చేర్చే బ్రిడ్జిలో డబ్బు ఆపి ఉంచొద్దు: 2022 మార్చి 23న రోనిన్ బ్రిడ్జి నుంచి 1,73,600 ఈథర్, 2.55 కోట్ల యూఎస్‌డీసీ (డాలర్‌తో ముడిపెట్టిన టోకెన్) పోయాయి, లావాదేవీల్ని ఆమోదించే తొమ్మిది వాలిడేటర్ తాళంచెవుల్లో ఐదు దొంగల చేతికి చిక్కడం వల్ల. పోయిన సంగతి కంపెనీకి తెలిసింది ఆరు రోజుల తర్వాత.

రూపాయలుగా మార్చేటప్పుడు కేంద్ర ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూ దగ్గర నమోదైన భారతీయ ఎక్స్ఛేంజీలోనే, తన పేరున్న ఖాతాలోకే. రేటు రెండు రూపాయలు ఎక్కువొస్తుందని టెలిగ్రామ్‌లో ముక్కూ మొహం తెలియనివాడికి పీ2పీలో, అంటే ఎక్స్ఛేంజీ లేకుండా నేరుగా, అమ్మితే, వాడు పంపిన డబ్బు ఏ సైబర్ మోసంలోదో అయితే మీ తమ్ముడి బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అవుతుంది. వేరే రాష్ట్రం పోలీసులు పెట్టిన ఫ్రీజ్ తీయించుకోవడానికి నెలలు పట్టొచ్చు, ఫీజు కట్టాల్సిన ఖాతా అదే అయితే ఇంకా ఇబ్బంది.

అతను ఇంకా పట్టుబడితే, ఇప్పటికే ఆటలో ఉచితంగా సంపాదించిన టోకెన్లలో ఐదొందల రూపాయల విలువైనవి సరైన దారిలో బ్యాంకుదాకా తెచ్చి చూపించమనండి. ఆటలో ఎంత పట్టుకున్నారు, మార్పిడిలో ఎంత పోయింది, గ్యాస్ ఎంత, టీడీఎస్ ఎంత, ఎన్ని రోజులు పట్టింది, ఒక్కో మెట్టు దగ్గర రాసుకోమనండి. రెప్యుటేషన్ చాలక మొదటి మెట్టులోనే ఆగిపోతే అదీ రాయమనండి.